వెనక వరస సీట్లు

“ఒక్క బటనే కదా. పెట్టేసి వచ్చి వడ్డించు” అన్నాడు మా వాడు, కంచం ముందు కూర్చుని.

మా కోడలు అప్పుడు పొయ్యి దగ్గరుంది. నాకు కళ్ళు ఆనవు. మనిషి ఎదురుగా వస్తే నీడ కదిలినట్టుంటుంది, అంతే. అందుకని మా ఇంట్లో ఏం జరిగినా నేను చెవులతోనే చూస్తాను. గిన్నె మీద మూత పడింది. కుళాయి తిరిగింది. చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చిన అడుగులు వినబడ్డాయి. మూలనున్న బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. తర్వాత కీబోర్డు చప్పుడు, రేకు మీద చినుకులు మొదలైనట్టు.

కాసేపైంది. మా వాడు కంచం అంచు మీద వేలితో కొట్టాడు. “ఇంతసేపా, ఒక్క బటన్‌కి?”

“మీరు మొదలుపెట్టండి, వస్తున్నా.”

“వడ్డిస్తే కదా మొదలుపెట్టడానికి.”

మా ఆవిడ లేచింది. “ఈ ఇంట్లో ముసలిదానికి కూర్చుని తినే రాత లేదు” అనుకుంటూ. లోపల అనుకోవాల్సిన మాట పైకి ఎందుకన్నదంటే, కోడలికి వినబడాలని. వినబడింది. కీబోర్డు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

నేను దర్జీని. కళ్ళు పోయేదాకా మిషను మీదే బతికాను. నాకు చదువు నాలుగు అక్షరాలే. నిదానంగా నేను చెప్తుంటే ఇదంతా నా మనవరాలు రాస్తోంది. కానీ బటన్ సంగతి నాకు తెలుసు. చూసేవాళ్ళకి బటన్ కుట్టడమే పని. అది దూరే కాజా తియ్యడం ఎవరికీ కనబడదు. బట్ట చీలకుండా అంచంతా దారం తిప్పాలి. బటన్‌కి సరిగ్గా ఎదురు రావాలి. ఎన్ని ఉతుకులు ఉతికినా అందులో దూరాలి, దూరింది తనంతట తాను ఊడి రాకూడదు. “ఒక్క బటనే కదా, నిలబడతాను, కుట్టిచ్చెయ్” అని నాతోనూ అనేవాళ్ళు. కాకపోతే కుట్టి వచ్చి వడ్డించమని మాత్రం నన్నెవరూ అడగలేదు.

అందరి తినడాలూ అయ్యాక కోడలు నా పక్కన కూర్చుని తినేది. ఆ రోజు అడిగాను, ఏమ్మా, అంత బటనేంటది అని.

“నొక్కితే ఆర్డరు వెళ్తుంది మావయ్యా. జనం ఆత్రంలో రెండుసార్లు నొక్కుతారు, రెండు ఆర్డర్లు పడతాయి. అందుకని ఒకసారి నొక్కగానే అది కాసేపు నిద్రపోవాలి. నిద్రపోయిందని తెలియాలి కూడా, లేకపోతే చెడిపోయిందనుకుంటారు. చిన్న ఫోన్ మీద లావు వేలికి అందాలి. మౌసు పట్టుకోలేని వాళ్ళు కీబోర్డుతోనే నడుచుకుంటూ వస్తారు. ఎక్కడున్నారో వాళ్ళకి తెలియడానికి బటన్ చుట్టూ ఒక గీత వెలగాలి. మీ అబ్బాయికి ఆ గీత నచ్చదు, తీసెయ్ అంటారు. నేను తియ్యను.”

“ఇంత ఉందని వాడితో చెప్పొచ్చుగా?”

“చెప్తే, పాఠాలు మొదలెట్టావా అంటారు.”

అంతే అని, మిగిలిన మెతుకులు కంచంలో ఒక పక్కకి తోసుకుంది.

తన పని ఏంటో చెప్పాలి మీకు. ఫోన్లో మీరు ఏదో ఒక దుకాణం పేజీ తెరుస్తారు కదా. అందులో కంటికి కనబడేది, వేలికి తగిలేది, అదంతా కట్టేది తను. లోపల లెక్కలు తిప్పే యంత్రాన్ని వేరేవాళ్ళు చూస్తారట. తనది పైతొడుగు. మా వాడిది కంపెనీ. కంపెనీ అంటే ఏం లేదు, మా హాల్లో ఆ మూల బల్లా, ఒక పేరూ. ఇస్త్రీ చొక్కా వేసుకుని దుకాణాల చుట్టూ తిరిగి పనులు మాట్లాడుకొస్తాడు వాడు. “మా టీమ్ చేసేస్తుంది సార్” అంటాడు ఫోన్లో. ఆ టీమ్ అప్పుడు వంటింట్లో అంట్లు తోముతుంటుంది.

మా వాడు చెడ్డవాడు కాదు. అది కూడా చెప్పాలి. తాగడు, చెయ్యెత్తడు, గొంతు కూడా పెద్దగా పెంచడు. తను ఒకసారి నాతో అంది కూడా, “చెడ్డవాడైతే చెప్పుకోడానికి ఒక మాటైనా ఉండేది మావయ్యా. ఈయన మంచివాడు. మంచివాడి మీద ఏమని చెప్పుకోను?”

తన తల లోపల ఎప్పుడూ రెండు మిషన్లు నడుస్తుండేవట. పొద్దున్న పళ్ళు తోముకుంటూ, ఆ పేజీ మీద మూడు వరసలూ చిన్న తెర మీదకి రాగానే ఒకదాని మీద ఒకటి ఎందుకు ఎక్కుతున్నాయీ అని ఒక పక్క, పాప సాక్సులు ఎండాయో లేదో అని ఒక పక్క. గిన్నె తోముతుంటే ఉన్నట్టుండి వెలిగేది, ఓహో, వెడల్పు నేను కొలతేసి కట్టేశాను, దాన్ని వదులుగా వదిలేస్తే అదే సర్దుకుంటుంది అని. పరిగెత్తి వచ్చి కూర్చుని, రెండు ముక్కలు కొట్టేలోపు “ఇదిగో, నా చార్జర్ ఎక్కడ పెట్టావ్?” అని మా వాడు. చార్జర్ వాడి సంచీలోనే ఉంటుంది. అది వెతికిచ్చి వచ్చేసరికి దొరికింది కాస్తా జారిపోతుంది, తడి చేతిలో సబ్బులాగా. మళ్ళీ దాన్ని పట్టుకోడానికి ఒక పూట. ఆ పోయిన పూట ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ పూట ఉందని ఎవరికీ తెలీదు. సాయంత్రం మా ఆవిడ పక్కింటావిడతో చెప్తుంటుంది, “మా కోడలికేం, నీడపట్టున కూర్చునే పని. వేళ్ళు కదిపితే చాలు” అని. తను వింటుంది. విని, తన వేళ్ళ వంక చూసుకుంటుందట. వేళ్ళు కదిపితే చాలన్న మాట అబద్ధం కాదు కదా, మరి ఇంత నీరసం ఎక్కణ్ణించి వస్తోందీ అని తననే తను అనుమానించుకునేదట.

అలా విసిగి విసిగి సాధించిన కిటుకులన్నీ ఒక చోట దాచుకునేది. ముక్కలు అనేది వాటిని. నా దగ్గర కత్తిరింపుల సంచి ఉండేది చూడండి, పనికొచ్చే పీలికలన్నీ పడేసుకునేవాణ్ణి, అలాంటిదే. డబ్బాని నడిమధ్యలో నిలబెట్టే ముక్క ఒకటి. పెద్ద బొమ్మలు ఒకేసారి మీద పడకుండా, కిందికి జరిగేకొద్దీ ఒక్కొక్కటే విప్పుకునే ముక్క ఒకటి. “ఇది పాప ఒళ్ళో నిద్రపోతుంటే ఒంటిచేత్తో కొట్టింది” అని చెప్పేది ఒక్కోదాని గురించి, పాతబట్ట చూసి పెళ్ళిళ్ళు గుర్తు చేసుకున్నట్టు. ఇది రాస్తున్న నా మనవరాలే ఆ పాప.

నాకూ తన పనికీ పొత్తు ఎలా కలిసిందంటే, నా కళ్ళ వల్ల. ఫోన్లో ఒక గొంతుంటుంది. వేలితో తెర తడుముతూ పోతే, వేలి కింద ఏముందో చదివి చెప్తుంది. కానీ కట్టినవాళ్ళు మాట రాసిపెడితేనే చెప్తుంది. రాయకపోతే “బటన్, బటన్, బటన్” అంటుంది. ఏ బటనో దానికీ తెలీదు, నాకూ తెలీదు. అందుకని కంటికి కనబడకుండా గొంతుకి మాత్రమే అందేలా మాట దాచే కిటుకు ఒకటుందట. పూర్తిగా మాయం చేస్తే గొంతుకీ అందదు. సూదిమొన అంత చేసి, ఒక మూలకి నొక్కి, ఉంచాలి.

“చోటు తీసుకోకూడదు మావయ్యా, కానీ ఉండాలి” అంది.

కోటుకి అస్తరులాగా అన్నాను నేను. చూసేవాడికి పైబట్టే కనబడుతుంది. తొడుక్కున్నవాడి ఒంటికి తెలిసేది అస్తరు. తనకా మాట నచ్చింది. అప్పట్నించీ ఏ పేజీ కట్టినా, ఫోన్ నా చేతికిచ్చి “మావయ్యా, అస్తరు చూడండి” అనేది. నేను తడిమి చెప్పేవాణ్ణి. అలా పక్కపక్కన కూర్చునే మాకు మాటలు పెరిగాయి. మొహం కనబడని మనిషి ముందు ఏం చెప్పుకున్నా సిగ్గుండదనుకుంటా.

ఒకసారి మా వాణ్ణి అడిగింది, అన్నం దగ్గర కాదు, వాడు తీరిగ్గా ఉన్నప్పుడు చూసి. “మన కంపెనీ పేజీలో నా పేరు కూడా పెట్టుకోనా?”

“మన పేరేగా ఉంది.”

“అది ఇంటిపేరు.”

“నీది కూడా అదేగా ఇప్పుడు?” అని నవ్వాడు. తర్వాత సర్దిచెప్తున్నట్టు, “మొగుడూ పెళ్ళాం కూర్చుని చేస్తున్నారంటే ఇంట్లో పచ్చడి బండి అనుకుంటారోయ్. పెద్ద పనులు రావు. ఒక పని చెయ్, టీమ్ అని ఒక పేజీ పెట్టు. నాలుగు మొహాలు కనబడాలి” అన్నాడు.

మొహాలు అమ్ముతారట. ఎవరో, ఎక్కడివాళ్ళో, నవ్వుతూ నిలబడ్డ ఫొటోలు. అవి కొనుక్కొచ్చాడు. వాటిని గుండ్రంగా కత్తిరించి, వరసగా పేర్చి, ఒక్కొక్కరి కిందా ఒక్కో ఉద్యోగం పేరు రాసింది తను. తను చేసే పనులే. వాళ్ళందరికీ పంచిపెట్టింది. నలుచదరపు ఫొటోని గుండ్రంగా చెయ్యడం ఒకే ఒక్క మాట పని మావయ్యా అని చెప్పింది నాకు, చాలా మామూలుగా. ఆ రోజు అస్తరు చూడమని ఫోన్ ఇవ్వలేదు. నేనే అడిగి తీసుకుని తడిమాను. “మా టీమ్” అంది గొంతు. “నవ్వుతున్న స్త్రీ. నవ్వుతున్న పురుషుడు. నవ్వుతున్న స్త్రీ.”

తర్వాత కొన్నాళ్ళకి, ఎవరికీ చెప్పకుండా ఒక పెద్ద కంపెనీకి రాసుకుంది. ఉద్యోగానికి. ఫోన్లోనే మాట్లాడారు వాళ్ళు. పాపని బడికి పంపి, మా ఆవిడ స్నానానికి వెళ్ళిన వేళ చూసుకుని, నా గదిలో తలుపేసుకుని మాట్లాడింది. నేను మంచం మీద ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. వాళ్ళు అడిగినవాటికి గబగబా చెప్పింది. ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు. ఎక్కడా నీళ్ళు నమలకుండా, నవ్వుతూ, అవతలివాళ్ళ మాటకి అడ్డం వస్తూ కూడా. మా ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరున్నారా అనిపించింది.

చివర్లో అడిగారు, ఇన్నేళ్ళు ఎక్కడ చేశారు అని. మా కంపెనీ పేరు చెప్పింది. సరే, వాళ్ళనడిగి ఒకసారి కనుక్కుంటాం అన్నారు.

కనుక్కున్నారు. మా వాడికే ఫోన్ చేశారు. వాడు అన్నం తింటూ ఎత్తాడు. “ఆవిడా? అయ్యో, ఆవిడ మా ఇంట్లో ఆవిడే సార్. ఉద్యోగమేం కాదు. కాలక్షేపానికి ఏదో కూర్చుంటుంది, అంతే” అన్నాడు. కావాలని అనలేదు వాడు. నిజంగా అలాగే అనుకుంటున్నాడు. పెట్టేసి, “ఏంటిది, నాకు చెప్పకుండా? మనకేం తక్కువైందని? నలుగురూ నా గురించి ఏమనుకుంటారు?” అన్నాడు. మా ఆవిడ అందుకుంది, “వాడి చేతికింద చెయ్యడానికి నామోషీ, పరాయివాడి చేతికింద మాత్రం సరదా” అని.

తను వాడి కంచంలో ఇంకాస్త అన్నం వేసిన చప్పుడు వినబడింది.

ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఎవరు పిలుస్తారు, కాలక్షేపం చేసేవాళ్ళని.

అప్పట్నించీ తన కీబోర్డు చప్పుడు మారింది. ఇదివరకు చినుకుల్లా ఉండేది, ఇప్పుడు ఎవరో మెట్లు ఎక్కుతున్నట్టుండేది. ఒక్కొక్కటీ. నాతో మాటలు కూడా తగ్గాయి. ఒకసారి మాత్రం అంది, “కాలక్షేపం అంటే ఏంటి మావయ్యా? కాలం గడవక చేసేదా? నాకు గడవని కాలం ఎక్కడుందా అని వెతుకుతున్నాను” అని.

ఆ రోజుల్లోనే బస్సుల పని వచ్చింది. ఒకాయనకి చాలా బస్సులున్నాయి. ఎక్కేవాళ్ళు ఫోన్లోనే సీటు చూసుకుని టికెట్ కొనుక్కోవాలి. బస్సు బొమ్మలో సీట్లన్నీ చిన్న చిన్న గళ్ళు. ప్రతి గడికీ అస్తరు మాట ఉండాలి, కిటికీ పక్కది, ఖాళీ, అని ఒకటి, నడవ పక్కది, ఎవరో తీసుకున్నారు, అని ఒకటి. కట్టేటప్పుడు ముందు అసలు మాటలుండవు. గొంతు చదువుతోందో లేదో చూడ్డానికి ఏవో ఒక మాటలు నింపి చూస్తారు, తర్వాత తీసేసి సరైనవి పెడతారు. మేము కుట్టుకి ముందు టాకాలు వెయ్యమూ, వదులుగా, పొడుగ్గా, తర్వాత లాగి పారేసేవి, అలాంటివి. మామూలుగా అందరూ అర్థంలేని అక్షరాలు కొడతారట. తను ఆ సమయానికి చెవిన ఏది పడితే అది కొట్టేసేది. వంటింట్లోంచి ఒక మాట వస్తుంది, వేళ్ళు దాన్ని గడిలో పడేస్తాయి.

నేను తడిమితే ఫోన్ అంటుంది, “టీ ఏదీ.” పక్క సీటు, “ఇంకా అవలేదా.” దాని పక్కది, “పిలుస్తుంటే చెవుడా.”

నాకు నవ్వాగలేదు. “ఏమ్మా, మీ అత్త బస్సెక్కేసింది!” అన్నాను.

తనూ నవ్వింది, చాలా రోజులకి. “ఏదో ఒకటి కొట్టాలి కదా మావయ్యా. ఇవే దొరికాయి. తీసేస్తాలెండి.”

తీసెయ్యడం మొదలుపెట్టింది కూడా, ముందునుంచి ఒక్కో వరసా చూసుకుంటూ. అంతలో మా వాడొచ్చాడు. ఓనరు ఇవాళే కావాలంటున్నాడు, పంపెయ్ అన్నాడు.

“వెనక వరసలు ఉన్నాయండీ ఇంకా. చదివే మాటలు సరిచెయ్యాలి.”

“చదివే మాటలేంటి?”

“కళ్ళు లేనివాళ్ళకి.”

“కళ్ళు లేనోళ్ళు ఫోన్లో సీట్లేరుకుని బస్సెక్కుతారా? కనబడేది బాగుందా లేదా? బాగుంది. పంపెయ్.” నేను పక్కనే ఉన్నాను, ఫోన్ నా చేతిలోనే ఉంది. వాడికి అది గుర్తు రాలేదు. “రేపు సరిచేద్దువుగానిలే.”

రేపు మా ఆవిడకి జ్వరమొచ్చింది. ఎల్లుండి పాపకి అంటుకుంది. వాళ్ళ పక్కలు, మందులు, గంజి, వాంతులు కడగడం. అవన్నీ అయ్యి తను మళ్ళీ బల్ల దగ్గర కూర్చునేసరికి వేరే పని వచ్చి ఉంది. వెనక వరస ఎవరికీ గుర్తు లేదు. కంటికి కనబడేది బాగుంది కదా.

తర్వాత ఒక సాయంత్రం బస్సుల ఓనరు ఫోన్. మా వాడు చొక్కా మారుస్తూ, స్పీకరు పెట్టి బల్ల మీద పడేశాడు. ఇల్లంతా వినబడింది.

“ఏమయ్యా, ఏంటయ్యా నా బస్సులో ఈ గోల?”

“ఏమైంది సార్?”

“చూపు లేని ఆవిడ ఒకావిడ ఫోన్ చేసింది ఆఫీసుకి. వెనక సీటు కోసం వెతుక్కుంటుంటే, నా బస్సు ‘రోజంతా ఇంట్లోనే కదా, అంత అలుపేంటి’ అందట. నేను నమ్మలేదు. మా పిల్లల చేత పెట్టించి విన్నాను. ఆ పక్క సీటు, ‘నువ్వు చేసేదేముంది’. ఆ పక్కది, ‘నోరు మూసుకుని చెప్పింది చెయ్’. నవ్వుతున్నారయ్యా మా వాళ్ళందరూ! ఆవిడ మాత్రం నవ్వలేదు. ఏమందో తెలుసా? ‘మీ బస్సులో ఎవరో ఒక ఆడమనిషిని తిడుతున్నారండీ, కొంచెం చూడండి’ అంది. ఎవరయ్యా చేసింది ఇది?”

మా కోడలు టీ పట్టుకుని గుమ్మంలో ఉంది.

మా వాడు ఆలోచించను కూడా లేదు. “సారీ సార్. కొత్త పిల్ల సార్. ఒళ్ళు తెలీకుండా చేసింది. మాకూ ఇప్పుడే తెలిసి ఆ పిల్లని తీసేశాం సార్. పొద్దున్నే తీసేశాం.”

“తీసేశావా?”

“తీసేశాం సార్. అలాంటివాళ్ళని ఉంచుకుంటామా?”

ఓనరు చల్లబడ్డాడు. ఇవాళే సరిచేయించు అని పెట్టేశాడు. మా వాడు ఊపిరి వదిలి, టీ తీసుకుని, తన వైపు తిరిగాడు. “మనసెక్కడ పెట్టి చేస్తావో. పరువు పోయేది ఇవాళ. సరే, ముందది సరిచెయ్. ఆ, ఇంకోటి. మన టీమ్ పేజీలోంచి ఒక అమ్మాయి ఫొటో తీసెయ్. ఆయన చూసినా చూస్తాడు.”

“ఎవర్ని?”

“ఎవర్నో ఒకర్ని. కొన్న మొహాలేగా.”

ఆ మాటలు ఎవరివీ, ఎవరితో అన్నవీ అని వాడు అడగలేదు. వాడికి తన మాటే తను గుర్తుపట్టే పని పడలేదు. మా ఆవిడ గదిలోంచి అంది, “ఎవర్రా ఆ ఇంటివాళ్ళు, ఆడదాన్ని అలా అనడానికి?” అని.

ఆ సాయంత్రం తను వెనక వరస అంతా సరిచేసింది. నా చేతికిచ్చింది. తడిమాను. కిటికీ పక్కది, ఖాళీ. నడవ పక్కది, ఖాళీ. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, కడిగిన గిన్నెల్లా. బాగుందమ్మా అన్నాను. తను లేవలేదు.

“నాకు తెలీదు మావయ్యా” అంది.

“ఏంటమ్మా?”

“అవి తిట్లని. నేను మామూలు మాటలనుకున్నాను. రోజూ వినేవే కదా, అందరిళ్ళలో ఉండేవే కదా అనుకుని, ఏదో ఒకటి ఉండాలని కొట్టాను. పరాయి మనిషి, నా మొహం తెలీదు, పేరు తెలీదు, బస్సు కోసం చూసుకుంటున్న మనిషి, ఆవిడ విని తిట్లు అంది. మొగుడు తిడితే ఏడుపొస్తుందంటారు. నాకెప్పుడూ రాలేదు. అంటే నేను గట్టిదాన్ననుకున్నాను. గట్టిదనం కాదు మావయ్యా. వినడం మానేశాను, అంతే.”

చెప్పడానికి నాకున్న మాటలన్నీ ఆ సీట్లలో ఉన్నవాటిలాంటివే. సర్దుకో, ఊరుకో, వాడి మనసులో ఏం ఉండదు. ఫోన్ తిరిగి తన చేతిలో పెట్టాను.

తర్వాత ఆ టీమ్ పేజీ తెరిచింది. “ఎవర్ని తియ్యను, చెప్పండి. ఒకమ్మాయి జుట్టు వదిలేసుకుంది, పళ్ళన్నీ కనబడుతున్నాయి. ఒకమ్మాయి చేతులు కట్టుకుని ఉంది, తనని ఎవరూ కదిలించలేరు. ఇంకొకామె నా వయసుది. నవ్వుతోంది గానీ, నిల్చుని నిల్చుని ఉన్నట్టుంది పాపం.”

ఒక్క మీట చప్పుడు వినబడింది.

“ఒకళ్ళని తీస్తే వరసలో ఖాళీ ఉండదు మావయ్యా. పక్కవాళ్ళు జరిగి సర్దుకుంటారు. నేనే అలా కట్టాను. ఎవరు పోయినా తెలీకుండా.”

మర్నాడు పొద్దున్న నాకు మెలకువ వచ్చాక ఇంట్లో ఏదో తక్కువైనట్టనిపించింది. పొయ్యి వెలిగింది. చీపురు చప్పుడైంది. పాప బడికి వెళ్ళింది. అన్నీ ఎప్పటిలాగే అయ్యాయి. ఆ తర్వాత వినబడాల్సింది వినబడలేదు. తను వచ్చి నా మంచం పక్కన, నేల మీద కూర్చుంది. చేతిలో కూరగాయలు కూడా లేవు. ఆ మనిషి ఉత్త చేతులతో కూర్చోడం అదే మొదలు, నాకు తెలిసి.

మా వాడు సెంటు వాసనతో వచ్చాడు. “ఫర్నిచర్ షాపువాళ్ళు ఇవాళ చూస్తామన్నారు. మొదటి పేజీ అయినా ఉండాలి. ఇంకా కూర్చోలేదేం?”

“ఎవరు కూర్చోవాలి?”

“పొద్దున్నే ఎవరేంటి? నువ్వే.”

“నన్ను నిన్న తీసేశారు కదండీ.”

వాడు నవ్వాడు. వెటకారం అనుకున్నాడు. తను నవ్వకపోయేసరికి వాడి నవ్వు మధ్యలో ఆగింది. “అది ఆయన్ని చల్లబరచడానికి అన్న మాట. నిజంగా తీసేశానా ఏంటి?”

“తీసేశామనే అన్నారు.”

“అబ్బబ్బ. మాట దొరికింది కదాని పట్టుకుని వేలాడకు. నాకు టైమవుతోంది. లే.”

మా ఆవిడ వచ్చి నిలబడింది. “మగాడు బయట సవాలక్ష అంటాడు. దానికి ఇంట్లో సమ్మె చేస్తారా ఎక్కడైనా? లేమ్మా, లే. పెద్దదాన్ని చెప్తున్నా.”

తను లేచింది. అడుగులు బల్ల వైపు వెళ్ళాయి. కుర్చీ కిర్రుమంది. సర్దుకుందిలే అనుకున్నాను నేను. కానీ అది కూర్చున్న చప్పుడు కాదు. కుర్చీని బల్ల కిందికి తోసేసిన చప్పుడు.

మా వాడు ఈసారి గొంతు తగ్గించాడు. “ఏం కావాలి నీకు? పేరు పెట్టాలా? సరే, పెట్టుకో. దాని గురించేనా ఇదంతా?”

“ఇప్పుడొద్దండీ” అంది. తన గొంతులో కోపం లేదు. అలుపు కూడా లేదు. ఆ రోజు నా గదిలో తలుపేసుకుని మాట్లాడిందే, ఆ గొంతు. “నాకిక్కడ ఒక ఉద్యోగం ఉందని మీరు బయటివాళ్ళ ముందు ఒప్పుకున్నది నిన్న ఒక్కసారేనండీ, అది పోయిందని చెప్పడానికి. నాకదే చాలు. ఎవరైనా అడిగితే, ఇన్నేళ్ళు ఒక చోట పని చేశాను, తీసేశారు అని చెప్పుకుంటాను.”